కొనేటప్పుడు చరిత్ర, అమ్మేటప్పుడు గ్రాములు

2025లో గోదావరి జిల్లాల్లో రెండు రకాల మనుషులకు నిద్ర కరువైంది. ఒకరు రొయ్యల చెరువులు వేసినవాళ్ళు. రెండోవారు వెండి కొననివాళ్ళు. మొదటివారి నిద్రను ఆగస్టులో అమెరికా వేసిన యాభై శాతం సుంకం ఎత్తుకుపోయింది. రెండోవారి నిద్రను వెండి కొన్న పక్కింటివాళ్ళు ఎత్తుకుపోయారు. జనవరిలో కిలో తొంభై వేల చుట్టూ తిరిగిన వెండి దీపావళి నాటికి లక్షన్నర దాటింది, డిసెంబరులో రెండు లక్షల గడప తొక్కింది. భీమవరంలో కాఫీ తాగుతూ రొయ్యల కౌంటు గురించి మాట్లాడుకోవాల్సినవాళ్ళు గ్రాముల గురించి మాట్లాడుకున్నారు. రొయ్య ధర ట్రంపు గారి చేతిలో ఉంది, వెండి ధర మాత్రం మన చేతిలోనే ఉందని వాళ్ళ ధీమా.

ఆ ఊపులో ఓ కొత్త రకం మనిషి బయల్దేరాడు. పేరు నాణేల పెట్టుబడిదారుడు. ఇతనికి ఉత్త వెండి కడ్డీ ఆనదు. కడ్డీలో కథ ఉండదు కదా! అలాగని ఇతను సేకర్త కూడా కాదు, ఎందుకంటే సేకర్తకు చదువు కావాలి. ఫోనులో నిమిషంన్నర వీడియో చూసి ఇతను పట్టుకున్న సూత్రం ఒక్కటే: వెండి నాణెం కొంటే రెండు విధాలా లాభం. వెండి పెరిగితే లోహంగా లాభం, పెరక్కపోతే పురావస్తువుగా లాభం. ఎటు తిరిగినా గెలుపే అయితే, ఆ నాణేన్ని అమ్మేవాడు ఎందుకు అమ్ముతున్నాడన్న ప్రశ్న మాత్రం ఇతనికి తట్టదు. తట్టినా, అమ్మేవాడు పరోపకారి అని సమాధానం చెప్పుకుంటాడు.

ఇతనికి నేర్పే మొదటి పాఠం, పాతదైతే అరుదైనదని. బీరువా అరలో అమ్మమ్మ దాచిన విక్టోరియా రూపాయి మీద 1862 అని ఉంటుంది. నూట అరవై ఏళ్ళ నాటిది, లక్షలు పలకాలి అని మనవడి లెక్క. ఆనాటి టంకశాలలకు తేదీ మార్చే తొందర లేదన్న సంగతి ఆ లెక్కలో లేదు. ఈస్టిండియా కంపెనీ దేశమంతటికీ ఒకే రూపాయి అని 1835లో మొదలుపెట్టింది. తర్వాత 1840 అని అచ్చువేసిన విక్టోరియా రూపాయిని అదే తేదీతో 1862 దాకా కొట్టారు. 1862 తేదీ వేసినదాన్ని 1874 దాకా కొట్టారు. ఏది ముందు, ఏది వెనక అన్నది నాణెం మీది సన్నటి చుక్కలను లెక్కపెట్టి సేకర్తలు పోల్చుకుంటారు. ఆ చుక్కల్లో కొన్ని కలయికలు నిజంగానే దొరకవు. మిగతావి దొరకడం కాదు, వద్దన్నా దొరుకుతాయి. మనవడు చుక్కలు చూడడు. తేదీ చూసి కారు మోడల్ ఎంచుకుంటాడు.

అరుదు అన్న మాటకు 1918 మంచి మందు. మొదటి ప్రపంచ యుద్ధపు చివరి రోజుల్లో ఇండియాలో నోటు పట్టుకెళ్ళి రూపాయలిమ్మని అడిగేవాళ్ళు ఎక్కువయ్యారు, ఇవ్వడానికి సర్కారు దగ్గర వెండి తక్కువైంది. అమెరికా ఆ ఏడాది పిట్‌మన్ చట్టం చేసి, తన ఖజానాలోని ఇరవై ఏడు కోట్ల వెండి డాలర్లను కరిగించింది. అందులో చాలా భాగాన్ని బ్రిటన్ కొని ఇండియాకు తరలించింది. బొంబాయి, కలకత్తా టంకశాలలు రెండూ కలిసి 1918 తేదీతో నలభై కోట్లకు పైగా రూపాయలు కొట్టాయి, 1919 తేదీతో ఇంకొంచెం ఎక్కువే కొట్టాయి. అంటే అమలాపురం అటక మీద ఇత్తడి చెంబులో ఉన్న ఐదో జార్జి రూపాయి పూర్వజన్మలో అమెరికా డాలరై ఉండవచ్చు. డాలస్ వెళ్ళిన మనవడికి ఈ సంగతి చెబితే సంతోషిస్తాడు. ధర మాత్రం పెరగదు.

ఈ డెల్టాలో పాత రూపాయలు ఇంటింటా ఉండటంలో వింతేమీ లేదు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక పండిన ధాన్యం రూపాయలుగా మారింది, ఆ రూపాయలు చెంబుల్లోకీ గోడల్లోకీ వెళ్ళాయి. బ్యాంకులు ఊళ్ళోకి వచ్చేదాకా వెండి రూపాయే బ్యాంకు. అంతే కాదు, అది తూనికరాయి కూడా. నూట ఎనభై గ్రెయిన్లు, అంటే 11.66 గ్రాములు, సరిగ్గా ఒక తులం. కంసాలి త్రాసులో ఓ పక్క రూపాయి వేసి, రెండో పక్క వస్తువు వేసి, రూపాయి ఎత్తు, రెండు రూపాయల ఎత్తు అని తూచేవాడు. పన్నెండు పాళ్ళలో పదకొండు పాళ్ళు వెండి. రాతి మీద పడేస్తే మోగేది, మోగకపోతే పుచ్చుకునేవారు కాదు. ఆ తరం వాళ్ళు దాన్ని పెట్టుబడి అనలేదు. డబ్బు అన్నారు.

ఇప్పుడు అదే రూపాయి పోర్ట్‌ఫోలియో అయింది. అయితే అవనివ్వండి, కనీసం ఏ జార్జి ఏ జార్జో తెలుసుకుంటే బాగుంటుంది. ఐదో జార్జి రూపాయిలో శుద్ధ వెండి 10.69 గ్రాములు. ఆరో జార్జిది మొదట్లో అంతే. కానీ రెండో ప్రపంచ యుద్ధంలో మళ్ళీ వెండి చాలక 1940 నుంచి వెండి పాలు సగానికి దించారు. 1945 దాకా కొట్టిన రూపాయల్లో ఉన్నది 5.83 గ్రాములే. బరువు మారలేదు, బొమ్మా రాజుదే. కిలో రెండు లక్షల లెక్కన మొదటిదానిలో సుమారు 2,140 రూపాయల వెండి, రెండోదానిలో 1,170 లోపు. రెండింటినీ ఒకే డబ్బాలో పోసి, జార్జి రూపాయి ఏదైనా ఒకే రేటు అని అమ్మేవాడి ముందు మన పెట్టుబడిదారుడు బేరమాడి వంద తగ్గించుకుంటాడు. ఇంటికొచ్చి బేరమాడటం తన దగ్గర నేర్చుకోవాలంటాడు. వెనకవైపు పులి బొమ్మ ఉన్న 1947 రూపాయి ఇంకా ఘనం. అది ఉత్త నికెలు. వెండి వాసన కూడా లేదు, అయస్కాంతం పెడితే వచ్చి అతుక్కుంటుంది. చార్మినారు బొమ్మ ఉన్న నిజాం హాలీ రూపాయిదీ వేరే లెక్కే. బరువు 11.18 గ్రాములు, వెండి సుమారు ఎనభై రెండు శాతం. ఆ రోజుల్లోనే ఏడు హాలీ రూపాయలిస్తే ఆరు కల్దారు (బ్రిటిష్ ఇండియా) రూపాయలు వచ్చేవి. సరిహద్దు దాటి తెచ్చే వర్తకులకు ఆ తేడా నోటికి వచ్చు. స్మార్టు ఫోను ఉన్న మనవడికి రాదు.

ఇక నిజంగా అరుదైనవి కూడా ఉన్నాయి, లేకపోలేదు. ఆరో జార్జి 1939 రూపాయి అలాంటిది. అరుదు కాబట్టే 1938లోని ఎనిమిదిని నగిషీ పనితో తొమ్మిదిగా మార్చిన నాణేలు సంతలోకి వచ్చాయి. అంకె మార్చే చెయ్యి తిరిగిన పనివాడికీ, అంకె చూసి మురిసే కొనుగోలుదారుకూ మధ్య బంధం అనాదిగా ఉన్నదే. 1911 రూపాయిది ఇంకో కథ. అందులో ఐదో జార్జి దుస్తుల మీది పతకంలో ఏనుగు ఉంది. తొండం పొట్టిగా చెక్కడంతో జనం కళ్ళకు అది పందిలా కనిపించింది, ముస్లింలు అభ్యంతరం చెప్పారు, సర్కారు నాణేలను వెనక్కి తీసుకుని చాలావాటిని కరిగించి, మరుసటి ఏడు తొండం సవరించింది. అయినా అప్పటికే లక్షల నాణేలు చేతులు మారాయి. కాబట్టి అది మామూలు రూపాయి కంటే ఎక్కువ పలుకుతుంది గానీ, ఇల్లు కట్టించదు. వీడియోలో మాత్రం ఇల్లు, పైన పెంట్‌హౌసు కూడా కట్టిస్తుంది.

ఈ తమాషా గోదావరి వాళ్ళకు కొత్తగా చెప్పక్కర్లేదు. సముద్రంలో ఉన్నంతసేపు ఇలస, గోదారి ఎదురెక్కి యానాం దాటితే పులస. చేప అదే, ధర వేరు. గోదారి నీళ్ళ రుచి ఎరిగినవాడు ఆ తేడాకు డబ్బిస్తాడు, ఇవ్వడంలో తప్పూ లేదు. కానీ ఒడిశా నుంచి ఐసుపెట్టెలో వచ్చిన ఇలసను రావులపాలెం దగ్గర పులస రేటుకు కొని, రేపు ఇంకా ఎక్కువకు అమ్ముకుందామని ఫ్రిజ్‌లో పెట్టుకున్నవాణ్ణి ఏమంటాం? నాణేల పెట్టుబడిదారుడనే అనాలి.

ఇందుకు మన కళ్ళముందే జరిగిన ఉదాహరణ ఉంది. 2023 ఆగస్టు 28న రాష్ట్రపతి భవన్‌లో ద్రౌపది ముర్ము గారు ఎన్టీఆర్ శతజయంతి వంద రూపాయల నాణేన్ని విడుదల చేశారు. హైదరాబాదు టంకశాల దాన్ని కొట్టింది. నలభై నాలుగు మిల్లీమీటర్ల వెడల్పు, ముప్పై ఐదు గ్రాముల బరువు. అందులో వెండి సగం, రాగి నలభై శాతం, మిగతాది నికెలు, జింకు. మామూలు ఫోల్డరులో అయితే 4,050 రూపాయలు, మెరుపు ఎక్కువున్న ప్రూఫ్ అయితే 4,380, అదే ప్రూఫ్ చెక్కపెట్టెలో అయితే 4,850. రాజమహేంద్రవరం నుంచి రాజోలు దాకా అభిమానులు తెప్పించుకున్నారు. రాముడు, కృష్ణుడు అంటే ఆయన ముఖమే గుర్తొచ్చే తరం ఆ నాణేన్ని పూజగదిలో పెట్టుకుంటే ఎవరికీ అభ్యంతరం ఉండక్కర్లేదు. అభిమానానికి రేటు కట్టే హక్కు ఎవరికీ లేదు.

చిక్కంతా ఆ పక్కనే కూర్చుని, ఇది భవిష్యత్తులో పదింతలవుతుందండీ అని నలుగురికీ చెప్పినవాడితో. లెక్క చూద్దాం. ఆ నాణెంలో వెండి పదిహేడున్నర గ్రాములు. అప్పటి ధర కిలో సుమారు డెబ్భై నాలుగు వేలు. అంటే సుమారు 1,300 రూపాయల వెండిని 4,050కి కొన్నట్టు. మిగిలిన 2,750 అభిమానం, అచ్చు కూలి, అట్టపెట్టె. రెండేళ్ళకు వెండి రెండున్నర రెట్లకు మించి పెరిగి కిలో రెండు లక్షలు తాకిన రోజున ఆ పదిహేడున్నర గ్రాముల విలువ 3,500. కుబేరుడే స్వయంగా దిగివచ్చినట్టు వెండి పెరిగిన ఆ రోజున కూడా నాణెంలోని లోహం కొన్న ధరను అందుకోలేదు! అదే 4,050తో ఆ రోజున ఉత్త వెండి ముక్క కొనుంటే యాభై నాలుగు గ్రాములు వచ్చేది, అది పదివేల ఎనిమిది వందలు దాటేది. ముక్క మీద ఎవరి బొమ్మా ఉండేది కాదు, అదొక్కటే లోటు.

సేకర్తల లెక్క వేరు కదా, రేపు అరుదవుతుంది కదా అనవచ్చు. స్మారక నాణేలను చలామణీ కోసం కొట్టరు, దాచుకోవడం కోసమే కొడతారు. కొన్నవాళ్ళందరూ పెట్టెతో సహా, రసీదుతో సహా, వేలిముద్ర పడకుండా దాచారు. నూరేళ్ళ కిందటి నాణెం అరుదవడానికి కారణం, మిగతావి అరిగిపోయి, కరిగిపోయి, గోదాట్లో పడిపోయి పోవడం. అందరూ దాచిన వస్తువు అరుదయ్యే దారి ఏదో వీడియోలో చెప్పరు. ఎవరైనా కనిపెడితే వారి పేర కూడా స్మారక నాణెం వెయ్యవచ్చు.

సర్కారు నాణెం అందనివాడికి కొట్లో లక్ష్మీదేవి బిళ్ళ ఉండనే ఉంది. మన వైపు ఒకప్పుడు శ్రావణ శుక్రవారానికి రూపు కొనుక్కోవడమే తెలుసు. ఇప్పుడు అక్షయ తృతీయ వచ్చింది, దాని వెనకే ఉత్తరాది నుంచి ధన త్రయోదశి వచ్చింది, పుష్యమి నక్షత్రం రోజుల ప్రకటనలూ వచ్చాయి. క్యాలెండరులో కొనకూడని రోజు వెతుక్కోవాలి. ఆ బిళ్ళను అందరూ నాణెం అంటారు గానీ, చట్టం లెక్కలో నాణేలు కొట్టే హక్కు కేంద్ర ప్రభుత్వానిదే. కొట్టు వాళ్ళు అమ్మేది వెండి బిళ్ళ, పైన దేవత. దేవత ఉన్నందుకు మజూరీ, కరిగించేటప్పుడు దేవత లేనట్టు తరుగు.

ఇరవై గ్రాముల బిళ్ళ, గ్రాము రెండు వందలు అనుకుందాం. వెండి నాలుగు వేలు. మజూరీ పది శాతమైతే నాలుగు వందలు. దాని మీద మూడు శాతం జీఎస్టీ, నూట ముప్పై రెండు. మొత్తం 4,532. మర్నాడే మనసు మారి తిరిగి ఇచ్చేస్తే, ఐదు శాతం తరుగు కోసుకుని 3,800 చేతిలో పెడతారు. వెండి దాదాపు ఇరవై శాతం పెరిగితే తప్ప అసలు చేతికి రాదు. ఇంతకుమించి పెరగదా అంటే పెరగవచ్చు. కానీ పరుగు పందెంలో ఇరవై గజాలు వెనక నుంచి మొదలుపెట్టినవాడు, నేను ముందున్నానని ఊళ్ళో చెప్పుకోవడం ఎందుకు?

కొనే రోజున కౌంటరు దగ్గర మాటలు ఇలా ఉంటాయి. "మీరు గ్రాములు చూడకండి బాబుగారూ, ముద్ర చూడండి. ఇది మామూలు వెండి కాదండీ, మూడు తొమ్మిదులు." అమ్మే రోజున అదే కౌంటరు, అదే మనిషి. "ముద్రేం చేసుకుంటామండీ, కరిగిస్తే అది ఉంటదా? గ్రాములు చెప్పండి. టంచ్ మా మిషన్లో చూసుకుంటాం లెండి." పెట్టుబడిదారుడు తెల్లబోయి, "మరి ఆ రోజు..." అంటాడు. "ఆయ్, ఆ రోజు ఆ రోజే కదండీ" అంటాడు కొట్టాయన. అందులో అబద్ధమేమీ లేదు.

హాల్‌మార్కు ఉంది కదా అని ధైర్యం చెప్పేవాళ్ళున్నారు. బంగారు నగలకు 2021 జూన్ నుంచి తప్పనిసరి చేశారు. వెండికి విడి గుర్తింపు సంఖ్యతో హాల్‌మార్కు 2025 సెప్టెంబరు 1న మొదలైంది, అదీ ఇష్టమైతేనే. అడిగి తీసుకున్నవాడికి ఉంటుంది, అడగనివాడికి కొట్టాయన నవ్వు ఉంటుంది.

అసలు వెండి పడదన్న నమ్మకం ఎక్కడి నుంచి వచ్చిందో పరిశోధించాల్సిన విషయం. వెండి పడటాన్ని చూసి ఇండియా సర్కారే ఒకసారి గాభరాపడింది. 1870లకు ముందు దాదాపు రెండు షిల్లింగులు చేసే రూపాయి, ప్రపంచంలో వెండి చవకయ్యేకొద్దీ జారి, 1893 నాటికి షిల్లింగుంపావు దగ్గరకొచ్చింది. అప్పటిదాకా ఎవరైనా వెండి పట్టుకెళ్ళి టంకశాలలో రూపాయలు కొట్టించుకునే వీలుండేది. ఆ ఏడాది జూన్ 26న ఆ తలుపు మూసేశారు. ఆ తర్వాత రూపాయి విలువ దాని మీద రాసిన మాటలో ఉంది, లోపలి వెండిలో కాదు. వెండి నాణెం అంటే వెండి విలువే అనుకునే మహానుభావులు ఆ వార్త ఇంకా చదవలేదు.

ఇరవయ్యో శతాబ్దంలో టెక్సస్‌కు చెందిన హంట్ సోదరులు ప్రపంచంలోని వెండి అంతా తామే కొందామనుకున్నారు. 1980 జనవరిలో ఔన్సు ధర యాభై డాలర్ల దాకా ఎక్కింది. మార్చి 27న పది డాలర్ల ఎనభై సెంట్లకు పడింది. కోటీశ్వరులైన హంట్లు తర్వాత దివాలా తీశారు. 2011 ఏప్రిల్‌లో వెండి మళ్ళీ యాభై గుమ్మం దాకా వెళ్ళింది, లోపలికి పోకుండానే వెనక్కి తిరిగి 2015 చివరికి పద్నాలుగు డాలర్ల చుట్టుపక్కల కూర్చుంది. యాభైని నిజంగా దాటింది 2025 అక్టోబరులో. శిఖరం మీద కొన్నవాడు నలభై ఐదేళ్ళు ఆగాలి. ముప్పై ఏళ్ళ వయసులో కొంటే డెబ్భై ఐదో ఏట లాభం, అదీ ద్రవ్యోల్బణం మాట ఎత్తకపోతే. మన రూపాయల్లో చూస్తే ఇంత ఘోరంగా కనిపించదని ఓ వాదం ఉంది. నిజమే. 1980లో డాలరుకు ఎనిమిది రూపాయలు, 2025లో ఎనభై ఎనిమిది. అది వెండి బలం కాదు, రూపాయి నీరసం.

సౌర ఫలకాలకు వెండి కావాలి, విద్యుత్ కార్లకు వెండి కావాలి, కాబట్టి పెరుగుతుంది అని వీడియో గురువులు చెప్పేది అబద్ధం కాదు. అంత నమ్మకం ఉన్నవాడికి 2022 జనవరి నుంచి మన దేశంలో వెండి ఈటీఎఫ్‌లు ఉన్నాయి. చెక్కపెట్టె ఖర్చు లేదు, మజూరీ లేదు, దొంగల భయం లేదు. అయితే వాటికీ ఒక రోజు వస్తుంది. 2025 అక్టోబరులో వెండి దొరక్క కొన్ని మ్యూచువల్ ఫండ్ సంస్థలు తమ వెండి పథకాల్లోకి కొత్త డబ్బు కొన్నాళ్ళు తీసుకోలేదు. డబ్బు వద్దని ఫండు సంస్థ అనడం ఎంతటి సూచనో! ఆ సూచన విని మన పెట్టుబడిదారుడు పరుగున వెళ్ళి బిళ్ళలు కొన్నాడు. దీపావళి వెళ్ళాక కొన్నాళ్ళు ధర జారింది, ఆ కొన్నాళ్ళూ అతను సేకర్త అయిపోయాడు.

ఇంతవరకూ చెప్పింది సక్రమ వ్యాపారం. దీనికి దిగువన ఇంకో లోకం ఉంది. రాముడు, సీత, లక్ష్మణుడు, హనుమంతుడు ఉన్న బిళ్ళ, దాని వెనక 1818, ఈస్టిండియా కంపెనీ, అర అణా అని ఇంగ్లీషులో. కోట్లు చేస్తుందని ప్రచారం. అలాంటి నాణేన్ని కంపెనీ ఎన్నడూ కొట్టలేదు. సేకర్తలు వీటిని గుడి టోకెన్లంటారు, పాతవిగా కనిపించే కొత్త సరుకు. ఈ బిళ్ళే ఇంకో చేతిలో రైస్ పుల్లింగ్ నాణెం అవుతుంది. బియ్యపు గింజలను తనవైపు లాక్కుంటుందట, అంతరిక్ష పరిశోధనకు పనికొస్తుందట, అమెరికావాళ్ళు వందల కోట్లిచ్చి పట్టుకెళ్తారట. ముందుగా శాస్త్రవేత్త గారి పరీక్ష ఖర్చు మాత్రం మనమే భరించాలట. గింజలకు ఇనుప రజను పట్టిస్తే అయస్కాంతం లాగుతుంది, అందులో అంతరిక్షం లేదు. మండపేట, తణుకు, తాడేపల్లిగూడెం మిల్లుల్లో లారీలకొద్దీ బియ్యం లాగే యంత్రాలుండగా, ఒక్కొక్క గింజ లాగే నాణేనికి కోట్లివ్వాలన్న ఆలోచన ధాన్యం పండే డెల్టాలో ఎలా మొలకెత్తిందో వ్యవసాయ శాఖ పరిశీలించాలి.

పాత నాణేలు కొంటామని రిజర్వు బ్యాంకు పేరు, ముద్ర వాడుకుని కమిషను, పన్ను అడిగే ముఠాల గురించి ఆ బ్యాంకే 2021 ఆగస్టు 4న హెచ్చరిక విడుదల చేసింది. అలాంటి లావాదేవీలతో తనకు సంబంధం లేదని, ఎవరినీ రుసుము అడగనని స్పష్టంగా చెప్పింది. వైష్ణోదేవి బొమ్మ ఉన్న ఐదు రూపాయల బిళ్ళకు లక్షలిస్తామన్నవాడు ముందు ఐదు వేలు రిజిస్ట్రేషన్ అడిగితే, లక్షల్లోంచి ఆ ఐదు వేలు మినహాయించుకోమని చెప్పి చూడాలి. ఫోను ఠక్కున పెట్టేస్తాడు.

లంకె బిందెల ఆశ ఉన్నవారికి ఒక చిన్న మాట. పునాది తవ్వుతుంటే రూపాయల చెంబు దొరికిందనుకోండి. 1878 నాటి నిధినిక్షేపాల చట్టం ఇంకా బతికే ఉంది. పది రూపాయలకు మించిన విలువుంటే కలెక్టరుకు తెలియజెయ్యాలి, దాస్తే జైలు శిక్షకు కూడా వీలుంది. నూరేళ్ళు దాటిన నాణేలు 1972 చట్టం కింద పురావస్తువులు, వాటిని దేశం దాటించి ఎగుమతి చెయ్యకూడదు. కాబట్టి అమెరికావాడికి అమ్ముతానన్న కథలో కోట్లు రాకముందే కేసు వస్తుంది.

వెండో కాదో తేల్చే పద్ధతుల్లోనూ మనవాళ్ళకు గొప్ప నమ్మకాలున్నాయి. రాజమహేంద్రవరం కోటిలింగాల రేవులో కుర్రాళ్ళు తాడుకు అయస్కాంతం కట్టి నీళ్ళల్లోకి విసిరి, రైలు ప్రయాణికులు వేసిన చిల్లర పైకి లాగుతారు. ఇప్పటి బిళ్ళలు చాలావరకు ఉక్కువి కాబట్టి వస్తాయి. వెండి రాదు. దీన్నిబట్టి, అయస్కాంతానికి అతుక్కోనిదల్లా వెండేనని సంతలో అమ్మేవాడు చూపిస్తాడు. సీసం అతుక్కోదు, రాగి అతుక్కోదు, జర్మన్ సిల్వరూ అతుక్కోదు. ఆ జర్మన్ సిల్వరులో వెండి చుక్క కూడా ఉండదు. ఇంట్లో గ్రాములు చూపే చిన్న త్రాసు, గ్లాసుడు నీళ్ళు ఉంటే సాంద్రత తేలిపోతుంది. వెండి నీటికి పదిన్నర రెట్లు, జర్మన్ సిల్వరు తొమ్మిది దాటదు. బడి పాఠం ఇది. చదివిన రోజున పరీక్షకు మాత్రమే పనికొస్తుందనుకున్నారు.

నాణెం అసలుదేనని తేలాక జరిగే ఘోరం ఇంకోటి. నల్లబడిందని దాన్ని చింతపండుతో, సబీనాతో పరపరా తోమడం. వందేళ్ళుగా పట్టిన ఆ నలుపే సేకర్తకు కావాలి, పీచు గీతలు పడ్డ తళతళ కాదు. తోమిన రూపాయిని, కొక్కెం అతికించి గొలుసుకు వేసిన రూపాయిని సేకర్త చూసి తల తిప్పుకుంటాడు. అది ఆ క్షణం నుంచి 10.69 గ్రాముల వెండి. చరిత్రంతా సింకులోకి పోయింది.

అసలు సేకర్తలు ఏం చేస్తారో చూడాలంటే ఈ డెల్టాలోనే చూడవచ్చు. 1922లో రాజమహేంద్రిలో ఆంధ్రేతిహాస పరిశోధక మండలి పుట్టింది. ఆ మండలి పెద్దలు పోగుచేసినవి తర్వాత రాళ్ళబండి సుబ్బారావు గారి పేరుతో ఉన్న ప్రభుత్వ మ్యూజియానికి చేరాయి. ఆ తరం పరిశోధకులు నాణేలను గ్రాముల్లో లెక్కించలేదు. తూర్పు చాళుక్యుల శక్తివర్మ, రాజరాజుల బంగారు నాణేలు బర్మా తీరపు దీవిలో, సయాంలో దొరికాయంటే, వేంగి నుంచి ఓడలు ఎంత దూరం పోయాయో అని అడిగారు. కరీంనగర్ వైపు కోటిలింగాలలో చిముకుడి పేరున్న నాణేలు దొరికితే సాతవాహనుల ఆరంభం మీద చర్చే మారిపోయింది. అవి వెండివి కావు. మన తీరంలో దొరికే ఓడ బొమ్మ సాతవాహన నాణేలు ఉత్త సీసం. కిలో సీసం ధర అడిగి పెట్టుబడిదారుడు నవ్వుతాడు. అమరావతిలో దొరికిన, గుర్తులు గుద్దిన విద్ధాంక నాణేల రాశిలో వేలకొద్దీ వెండి బిళ్ళలుంటే, పరమేశ్వరీలాల్ గుప్తా వాటి మీది గుర్తులను ఒక్కొక్కటిగా పోల్చి 1963లో పుస్తకం వెలువరించారు. కరిగిస్తే ఎన్ని పట్టీలవుతాయో ఆయన లెక్క వెయ్యలేదు.

మన పెట్టుబడిదారుడికి ఇంత ఓపిక ఎక్కడిది? అతని చూపు 2026 ఏప్రిల్ 1 నాటి మార్పు మీద ఉంది. రిజర్వు బ్యాంకు కొత్త నిబంధనల ప్రకారం ఆ తేదీ నుంచి వెండి తాకట్టు మీద కూడా అప్పులకు దారి ఉంది. నగలైతే మనిషికి పది కిలోల దాకా, నాణేలైతే అర కిలో దాకా, కడ్డీలకు వీల్లేదు. విలువ కట్టేది లోపలి లోహానికే. వడ్డీకి తెచ్చిన డబ్బుతో ఇంకొన్ని నాణేలు కొనాలని అతని పథకం. పెట్టెలన్నీ సంచిలో వేసుకుని తణుకులో బ్యాంకు మెట్లెక్కుతాడు. అప్రైజరు కళ్ళద్దాలు సవరించుకుని, ఒక్కో నాణేన్నీ బయటికి తీసి త్రాసులో వేస్తాడు. ఖాళీ పెట్టెలను ఇవతలికి నెట్టి, "ఇవి మీ దగ్గరే ఉంచుకోండి బాబూ, చెక్కకు అప్పివ్వరు" అంటాడు.